ఆ ధర ఎవరిచ్చారు?

మీ జేబులోని రూపాయి బిళ్ళ తీసి చూడండి. సంవత్సరం అంకె కింద చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలలో అచ్చయిన నాణెం. అదే చోట వజ్రం ఆకారం ఉంటే ముంబయిది, చుక్క ఉంటే నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది. అందులో ఇంతకు మించిన రహస్యం లేదు. కానీ ఆన్‌లైన్‌లో వెతికితే ఇదే నాణెం 'అత్యంత అరుదైన నక్షత్రం గుర్తు' అన్న పేరుతో వేలల్లో, లక్షల్లో కనిపిస్తుంది. గుర్తు లేని కోల్‌కతా నాణేన్ని 'టంకశాల గుర్తు వేయడం మరిచిన ఎర్రర్ కాయిన్' (తయారీలో తప్పు పడిన నాణెం) అని అమ్మకానికి పెట్టేవాళ్ళూ ఉన్నారు.

ఆ అంకె చూడగానే మనసు ఊరుకోదు. 'ఇలాంటివి మన ఇంట్లోనూ ఉన్నాయే' అనిపిస్తుంది. డబ్బాలు వెతుకుతాం, లెక్కలు వేసుకుంటాం, రాని డబ్బుకు అప్పుడే ఖర్చులు కూడా రాసేస్తాం. సరిగ్గా ఆ క్షణంలో వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ ధర ఎవరైనా ఇచ్చారా? ఈ ఒక్క ప్రశ్న అలవాటైతే నాణేల విషయంలోనే కాదు, జీవితంలో చాలా బేరాల్లో మీరు నిలదొక్కుకుంటారు.

అడగడానికి ఖర్చు లేదు

ఊరి చివర వెంచర్‌లో గజం ముప్పై వేలని అందరూ చెప్తుంటారు. ఏడాదిగా ఒక్క రిజిస్ట్రేషనూ జరిగి ఉండదు. ఎర్రర్ కాయిన్ల ధరలదీ అదే తీరు. ఒకరు లక్ష అని పెడతారు. అది చూసి ఇంకొకరు లక్షన్నర పెడతారు. పది మంది అదే ఫోటో, అదే అంకె వాడుకుంటారు. చూసేవాళ్ళకు అదంతా ఒక బజారులా కనిపిస్తుంది. నిజానికి అక్కడ ఉన్నది పది మంది ఆశలే, కొన్నవాడు ఒక్కడూ లేడు.

ఇంకొందరు లెక్క వేసుకునే పెద్ద అంకె పెడతారు. లక్ష రూపాయల నాణెం పక్కన అలాంటిదే ఐదు వేలకు కనబడితే అది చవకనిపిస్తుంది. దాని అసలు విలువ రూపాయే అయినా, మన చూపు అప్పటికే లక్ష దగ్గర ఆగిపోయి ఉంటుంది.

మొదట విన్న అంకె పట్టు

ఈ బలహీనతను శాస్త్రం చాలాకాలం కిందటే పట్టుకుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆమోస్ ట్వర్‌స్కీ, డేనియల్ కానెమన్ 1974లో 'సైన్స్' పత్రికలో ఒక ప్రయోగం గురించి రాశారు. సున్నా నుంచి వంద వరకు అంకెలున్న చక్రాన్ని తిప్పారు. అది 10 దగ్గర గానీ 65 దగ్గర గానీ ఆగేలా ముందే ఏర్పాటు చేశారు. తర్వాత ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో ఊహించమన్నారు. చక్రం మీద 10 చూసినవాళ్ళ మధ్యస్థ అంచనా 25. 65 చూసినవాళ్ళది 45. చక్రానికీ ఆఫ్రికాకూ ఏ సంబంధమూ లేదని అందరికీ తెలుసు. అయినా ఆ అంకె మనసును తన వైపు లాగేసింది.

దీనికి తోడు ఇంకొకటి ఉంది. మన చేతిలో ఉన్న వస్తువు మనకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది. కానెమన్, నెచ్, థేలర్ 1990లో ప్రచురించిన పరిశోధనలో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులు ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పు లేనివాళ్ళను ఎంతకు కొంటారని అడిగారు. అమ్మేవాళ్ళు చెప్పిన ధర, కొనేవాళ్ళు ఇస్తామన్న దానికి దాదాపు రెట్టింపు. ఐదు నిమిషాల కిందట చేతికొచ్చిన కప్పుకే అంత మమకారం ఉంటే, తాతగారు దాచిన నాణేనికి ఎంత ఉంటుందో మీరే ఆలోచించండి. ఇది తప్పు కాదు, మనిషి స్వభావం. తెలుసుకుని జాగ్రత్తపడటమే మన పని.

అసలు తప్పు ఎలా పుడుతుంది?

ఆశను అదుపులో పెట్టడానికి జ్ఞానాన్ని మించిన మందు లేదు. నాణెం ఎలా తయారవుతుందో కాస్త తెలిస్తే సగం మోసాలు మీ దగ్గరికే రావు. లోహపు రేకు నుంచి గుండ్రటి ఖాళీ బిళ్ళలు కత్తిరిస్తారు. వాటిని పైనా కిందా ఉన్న రెండు అచ్చుల మధ్య పెట్టి గట్టిగా అదుముతారు. బిళ్ళ మధ్యలో కుదరకపోతే బొమ్మ ఒక పక్కకు జరిగి పడుతుంది. కత్తిరించేటప్పుడు రేకు సరిగా ముందుకు జరగకపోతే అంచున అర్ధచంద్రాకారపు గంటు పడుతుంది. అచ్చయిన నాణెం పైఅచ్చుకో కిందిఅచ్చుకో అతుక్కుపోతే, తర్వాతి బిళ్ళ మీద అదే బొమ్మ తిరగబడి, లోపలికి దిగి కనిపిస్తుంది. ఇవి టంకశాలలోనే పుట్టిన తప్పులు. సేకరించేవాళ్ళు వీటికోసం నిజంగానే డబ్బు పెడతారు.

సుత్తి దెబ్బకు వంగినవి, ఆమ్లంలో అరిగినవి, ఆకురాయితో గీకినవి, పది రూపాయల నాణెం నుంచి మధ్య బిళ్ళ ఊడదీసినవి మాత్రం దెబ్బతిన్న నాణేలే. అలాగే డిజైన్ వేరుగా ఉంటే అది తప్పు కాదు. పది రూపాయల నాణేలు 14 డిజైన్లలో వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ రిజర్వ్ బ్యాంకు 2018 జనవరిలోనే చెప్పింది. 2012 సంవత్సరం పేరుతో వచ్చిన వైష్ణోదేవి బొమ్మ నాణేలు చలామణికోసమే విడుదలయ్యాయి. వాటికి లక్షలు ఇస్తారన్న ప్రచారానికి ఆ నాణేల్లో ఏ ఆధారమూ లేదు.

నిజంగా పలికిన ధరకు సాక్ష్యం ఉంటుంది

గొప్ప ధర పలికే తప్పు నాణేలు లేవని కాదు. యుద్ధకాలంలో రాగి మిగిల్చుకోవడానికి అమెరికా 1943లో సెంటు నాణేలను జింకు పూత పూసిన ఉక్కుతో ముద్రించింది. మిగిలిపోయిన కొన్ని కంచు బిళ్ళలు పొరపాటున వాటితోపాటు అచ్చయిపోయాయి. 1943 నాటి కంచు సెంట్లలో డెన్వర్ టంకశాలకు చెందిన ఒక నాణెం 2010లో 17 లక్షల డాలర్లకు అమ్ముడైంది. అది మిగతావాటికంటే ఎందుకు వేరో వివరించవచ్చు. అలాంటివి చాలా కొద్దిగానే దొరికాయని తెలుసు. నిపుణులు పరీక్షించారు. ఒక మనిషి డబ్బు కట్టి కొన్నాడు. అన్నిటికీ సాక్ష్యం ఉంది. ఉక్కు సెంటుకు రాగి పూత పూసి అమ్మేవాళ్ళూ ఉన్నారు. కానీ అయస్కాంతం దగ్గర పెడితే అది చటుక్కున అంటుకుని బండారం బయటపెడుతుంది.

బ్రిటన్ అనుభవం ఇంకో పాఠం. 2008లో అక్కడి 20 పెన్నీల నాణెం డిజైన్ మార్చినప్పుడు సంవత్సరం అంకెను వెనక వైపు నుంచి రాణి బొమ్మ వైపుకు మార్చారు. పాత ముందు అచ్చు, కొత్త వెనక అచ్చు కలిసిపోయి కొన్ని నాణేలు సంవత్సరమే లేకుండా వచ్చాయి. ఇది అచ్చమైన టంకశాల తప్పు. ఆన్‌లైన్‌లో వేల పౌండ్లు అడిగినవాళ్ళున్నారు. కానీ అలాంటి నాణేలు వేలకు వేలు బయటికి వచ్చాయి కాబట్టి మామూలుగా అవి చేతులు మారేది పదుల పౌండ్లకే. తప్పు నిజమైనా, అడిగిన ధర నిజం కానక్కర్లేదు.

అమ్మబోయేవాళ్ళకూ ఉచ్చు ఉంది

పెద్ద అంకెలు కొనేవాళ్ళకే కాదు, అమ్మబోయేవాళ్ళకూ గాలమే. 'మీ నాణేనికి ఐదు లక్షలు ఇస్తాం. ముందు రిజిస్ట్రేషన్ రుసుము, పన్ను, కమీషన్ కట్టండి' అని ఫోన్ వస్తుంది. కొందరు రిజర్వ్ బ్యాంకు పేరు, గుర్తు కూడా వాడుకుంటారు. ఇలాంటి లావాదేవీలతో తమకు సంబంధం లేదనీ, ఏ రుసుమూ అడగబోమనీ రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో స్పష్టంగా ప్రకటించింది. మీ వస్తువు కొనేవాడు మీకు డబ్బు ఇవ్వాలి. మీ దగ్గర తీసుకుంటున్నాడంటే వాడు కొంటున్నది నాణెం కాదు, మీ ఆశ. ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ మాట ఇవాళే చెప్పండి. ఎవరైనా ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని ఉంటే సిగ్గుపడకుండా వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయమనండి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఐదు అలవాట్లు

1. ధరల జాబితా తెరవకముందే ఆ వస్తువుకు మీరు ఎంత ఇస్తారో కాగితం మీద రాసుకోండి. మొదటి అంకె మీదైతే ఎదుటివాడి అంకె పట్టు సడలుతుంది.

2. అమ్మకానికి ఉన్నవి వదిలి, అమ్ముడైనవి చూడండి. ఈబేలో అమ్ముడైన వస్తువులను విడిగా చూసే వీలుంది. పేరున్న వేలం సంస్థలు పలికిన ధరలను ప్రచురిస్తాయి. ఒక్క అమ్మకాన్ని నమ్మకండి, నాలుగైదు చూసి మధ్యస్థంగా అంచనా వేయండి.

3. 'ఈ తప్పు టంకశాలలో ఎలా జరిగి ఉంటుంది?' అని అమ్మేవాణ్ణి అడగండి. జవాబు చెప్పలేకపోతే అక్కడితో ఆగండి.

4. ఉత్సాహం పొంగుతున్నప్పుడు డబ్బు కట్టకండి. ఒక రాత్రి గడవనివ్వండి. 'ఇంకో గంటే గడువు' అని తొందరపెట్టేవాడికి మీ ఆలోచన అంటే భయం.

5. తెలిసినవాళ్ళకు చూపించండి. నాణేల ప్రదర్శనలకు వెళ్ళండి, పాత సేకరణకర్తలతో మాట్లాడండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు సైఫాబాద్ టంకశాల మ్యూజియం చూసి రండి.

మీ విలువకూ ఇదే కొలత

ఈ క్రమశిక్షణ నాణేలతో ఆగిపోకూడదు. స్నేహితుడి జీతం గురించి విన్న పుకారు, పక్కింటివాళ్ళ స్థలానికి చెప్పుకునే ధర, కోర్సు చేస్తే వస్తుందని ప్రకటనలో ఊరించే ప్యాకేజీ... ఇవన్నీ మన మనసులో దిగబడిపోయే అంకెలే. వాటితో పోల్చుకుని మనల్ని మనం తక్కువ చేసుకుంటాం, లేదంటే అప్పు చేసి వాటి వెంట పరుగెత్తుతాం. ప్రతి అంకె దగ్గరా ఒక్క క్షణం ఆగి అడగండి: ఇది ఎవరికి, ఎప్పుడు, ఎంత మందికి దక్కింది?

మీరు ఇంటర్వ్యూకు వెళ్ళేటప్పుడు కూడా కోరిక ఒక్కటే పట్టుకుని వెళ్ళకండి. చేసిన పని, దాని ఫలితం, అలాంటి పనికి బయట నిజంగా ఇస్తున్న జీతం కూడా తీసుకెళ్ళండి. సాక్ష్యంతో అడిగిన ధరకు బలం ఉంటుంది. నాణేల మీద ఇష్టం ఉంటే ఆ ఇష్టాన్ని చంపుకోకండి. మొదటి వెయ్యి రూపాయలు మాత్రం నాణెం మీద పెట్టకుండా మంచి భూతద్దం మీద, ఒక మంచి పుస్తకం మీద పెట్టండి. అదృష్టం కోసం డబ్బాలు వెతికేవాడికి అందరూ అమ్ముతారు. చూడటం నేర్చుకున్నవాడు తను కొనదగినదేదో తానే తేల్చుకుంటాడు.