పొద్దంతా ఉండే బండి, పది నిమిషాల బండి

కరీంనగర్ టవర్ సర్కిల్‌లో పొద్దున పదిన్నరకు ఒకసారి చూడండి. బట్టల దుకాణాల షట్టర్లు, బంగారు దుకాణాల షట్టర్లు అప్పుడప్పుడే లేస్తుంటాయి. గిరాకీ ఇంకా మొదలు కాదు. అయినా దుకాణాల ముందు బండ్ల వరుస అప్పటికే నిండిపోతుంది. అవి కొనడానికి వచ్చినవాళ్ల బండ్లు కావు. ఆ దుకాణాలు నడిపేవాళ్లవి, వాటిలో పనిచేసేవాళ్లవి. రాత్రి షట్టర్ దించేదాకా అవి కదలవు. ఆదిలాబాద్ గాంధీచౌక్‌లోనూ ఇదే తీరు.

లెక్క వేసి చూద్దాం. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా అంటే 660 నిమిషాలు. కొనడానికి వచ్చిన మనిషి ఇరవై నిమిషాలు ఆగుతాడనుకుంటే, ఒక్క బండి జాగలో రోజుకు 33 మంది వచ్చిపోవచ్చు. నలుగురు పనివాళ్ల బండ్లు నాలుగు పొద్దంతా ముందే నిలబడితే ఎంత గిరాకీ పక్క వీధికి మళ్లిందో సేటుకు కనబడదు. లోపలికి వచ్చినవాళ్లను లెక్కపెట్టగలం గానీ, బండి పెట్టే చోటు లేక ముందుకు పోయినవాళ్లను ఎవరు లెక్కపెడతారు? నెలాఖరుకు జీతం పెంచమని అడిగితే మాత్రం "గిరాకీ ఎక్కడుందిరా" అన్న మాట వినబడుతుంది. పార్కింగ్ మున్సిపాలిటీ వాళ్లు, పోలీసులు చూసుకునే వ్యవహారమని వదిలేస్తాం. జీతం మీద బతికేవాళ్లకు అది తమ పనికి సంబంధించిన విషయం కూడా. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: పొద్దంతా ఉండే బండిని, పది నిమిషాలు ఆగే బండిని వేరు చేయాలి. దానికి ప్రభుత్వ ఉత్తర్వు కోసం చూడనక్కర లేదు, నలుగురు కలిసి మాట్లాడుకుంటే రేపే మొదలుపెట్టవచ్చు.

అమెరికాలో డొనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు ఉచిత పార్కింగ్ వల్ల ఊళ్లు మోసే ఖర్చు మీద 2005లో పెద్ద పుస్తకం రాశాడు. రోడ్డు పక్క జాగల్లో ఎప్పుడూ ఒకటి రెండు ఖాళీగా ఉండాలని, సుమారు 85 శాతం నిండితే చాలని ఆయన వాదన. ఖాళీ దొరక్క చుట్టూ తిరిగే బండ్లే రద్దీని ఇంకా పెంచుతాయన్నాడు. ఆయన చూపిన మందు, గిరాకీని బట్టి రుసుము పెట్టడం. మన ఊళ్లలో రుసుము దాకా పోకముందే చేయగలిగింది చాలా ఉంది.

2011 జనగణన నాటికి కరీంనగర్ జనాభా 2.6 లక్షలు, ఆదిలాబాద్‌ది 1.17 లక్షలు. ఈ అంకెలు ఆ ఊళ్ల బండ్ల బరువును చెప్పవు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు కార్యాలయాలు జగిత్యాలకు, పెద్దపల్లికి, సిరిసిల్లకు పోయాయి. పెద్ద ఆసుపత్రులు, పెళ్లి బట్టల దుకాణాలు, బంగారం అంగళ్లు కరీంనగర్‌లోనే ఉన్నాయి. ఆదిలాబాద్‌కు ఉట్నూర్, బోథ్, జైనథ్, బేల వైపు నుంచే కాక సరిహద్దు దాటి మహారాష్ట్ర పల్లెల నుంచి కూడా జనం వస్తారు. పత్తి మార్కెట్‌కు వచ్చే కాలంలో ట్రాక్టర్లు, వ్యాన్లు తోడవుతాయి. పాత బజారు వీధులు మాత్రం ఎడ్లబండ్ల కాలం నాటి వెడల్పులోనే ఉన్నాయి. స్మార్ట్ సిటీ పథకానికి 2017లో కరీంనగర్ ఎంపికైంది, కొన్ని రోడ్లు బాగుపడ్డాయి కూడా. కానీ రోడ్డు ఎంత నున్నగా వేసినా దుకాణం ముందు జాగ పెరగదు.

ఇక చేయవలసిన పని. దుకాణానికి ఐదు నిమిషాల నడక దూరంలో పొద్దంతా బండి పెట్టుకునే చోటు వెతకండి. రుసుము తీసుకునే స్టాండు ఉంటే సరే. అది లేని చోట నేను ముందుగా చూడమనేది ఫంక్షన్ హాళ్ల ఆవరణలు. ముహూర్తాలున్న రోజుల్లో తప్ప అవి ఖాళీగానే ఉంటాయి. ఆషాఢంలో, మూఢాల్లో అయితే నెలల తరబడి గేటుకు తాళమే. పది బండ్లకు నెలకింత అని మాట్లాడితే యజమానికి ఉత్త జాగ మీద రాబడి, మీకు నీడ, గేటు. పెళ్లి ఉన్న రోజున ఎక్కడ పెట్టాలో మాత్రం ముందే తేల్చుకోండి. అలాగే వెనక గల్లీల్లో పెద్ద వాకిళ్లున్న పాత ఇళ్లు ఉంటాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో, బయటి దేశంలోనో ఉండి, పెద్దవాళ్లిద్దరే ఉన్న ఇళ్లకు నెల అద్దె వస్తే చిన్న ఆసరా అవుతుంది.

నోటి మాట మీద నడపకండి. నెలకు ఎంత, గేటు ఏ వేళ నుంచి ఏ వేళ దాకా, తాళంచెవి ఎవరి దగ్గర, బండి పోతే ఎవరు ఏం చేయాలి అన్న నాలుగు ముక్కలు తెల్లకాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. అద్దె ఫోన్ ద్వారా కడితే లెక్క దానంతటదే మిగులుతుంది.

ఈ అద్దె ఎవరు కట్టాలి? సేటే కట్టాలన్నది నా అభిప్రాయం, కనీసం సగమైనా. ముందు జాగ ఖాళీ అయితే లాభం ఆయనదే. అడిగే పద్ధతి ఉంటుంది. సాయంత్రం గిరాకీ నడుమ కాకుండా, పొద్దున దుకాణం తెరిచిన కాసేపటికి అడగండి. "సేటూ, మా నాలుగు బండ్లు వెనక గల్లీలో పెట్టుకుంటం. ముందు జాగ గిరాకీకి ఉంటది. నెలకు ఇంత అడుగుతున్నరు, మీరు సగం ఇయ్యండి. నెల చూద్దాం, ఫరక్ కనబడకుంటే మల్ల ఇక్కడనే పెట్టుకుంటం" అంటే కాదనేవాళ్లు తక్కువ. దుకాణం పని మీద తిరిగే ఒక్క బండి ముందు ఉండనివ్వండి. పక్క దుకాణం వాళ్లనూ కలుపుకోండి. మీరొక్కరే బండి తీస్తే ఆ జాగలో పక్కవాళ్ల పనివాడు తెచ్చి పెడతాడు, మీ నడక ఉత్తదే అవుతుంది. ఒక వరుసలో ఐదారు దుకాణాలు ఒప్పుకుంటేనే ఫలితం కనిపిస్తుంది.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. రాత్రి తొమ్మిదికి దుకాణం మూసి చీకటి గల్లీలో నడవమని ఏ సేల్స్ గర్ల్‌కూ, ఏ నర్సుకూ చెప్పకూడదు. అన్నిటికంటే దగ్గర్లో, దీపం ఉన్న చోట వాళ్ల బండ్లు ఉండాలి. మగవాళ్లు ఇంకో రెండు నిమిషాలు నడవాలి. ఆసుపత్రిలో నైట్ డ్యూటీకి చేరేటప్పుడు జీతం ఎంత అని అడిగినట్టే, బండి ఎక్కడ పెట్టుకోవాలి, రాత్రి అక్కడ కాపలా ఉంటుందా అని అడగండి. చేరక ముందు అడిగితే అది షరతు, చేరిన తర్వాత అడిగితే ఫిర్యాదు అవుతుంది.

కరీంనగర్ మంకమ్మతోటలోని ప్రైవేటు ఆసుపత్రుల దగ్గర, ఆదిలాబాద్ రిమ్స్ దగ్గర పనిచేసేవాళ్లకు ఇంకో బాధ్యత ఉంది. రోగిని తెచ్చినవాళ్లు కంగారులో గేటు ముందే బండి వదిలి లోపలికి పరుగెత్తుతారు. వాళ్లను తప్పుపట్టలేం. వార్డు బాయ్, సెక్యూరిటీ అన్న వాళ్లతో మెల్లగా "పేషెంటును మేం చూస్తున్నం, బండి అటు పక్కన పెట్టి రండి" అంటే వింటారు. కేకలేస్తే వినరు. సిబ్బంది బండ్లే గేటు పక్కన ఉంటే ఆ మాట చెప్పే హక్కు మనకు ఉండదు. 108 వాహనం వచ్చి మలుపు తిరగడానికి కావలసిన జాగ ఒక్క కారుతో పోతుంది.

ట్రాలీ ఆటోలో సరుకు దించేవాళ్లు, ఇంటింటికీ పార్సిళ్లు ఇచ్చే పిల్లలు పది నిమిషాల జాగ మీదే బతుకుతారు. లోడు దించడం పొద్దున దుకాణాలు తెరవక ముందో, మధ్యాహ్నం పలచగా ఉన్నప్పుడో పెట్టుకుంటే హమాలీలకూ తేలిక. తోపుడు బండ్ల మీద అరిచే అలవాటు మానుకోవాలి. వీధి వ్యాపారుల జీవనోపాధిని కాపాడడానికి 2014లో కేంద్రం చట్టమే చేసింది. అరటిపళ్ల బండి ఆక్రమించే జాగకంటే పొద్దంతా కదలని కారు మింగే జాగ ఎక్కువ, పైగా దాని వల్ల ఎవరికీ పూట గడవదు.

చట్టం ఏమంటుందో తెలిసి ఉండడం మంచిది. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం ఫుట్‌పాత్ మీద, జీబ్రా గీతల మీద, చౌరస్తా అంచు నుంచి యాభై మీటర్ల లోపు, బస్టాప్ దగ్గర, బడి, ఆసుపత్రి గేట్ల దగ్గర, ఆగి ఉన్న ఇంకో బండికి ఆనుకుని రెండో వరుసలో బండి పెట్టకూడదు. అక్కడ నో పార్కింగ్ బోర్డు లేకపోయినా ఇవి వర్తిస్తాయి. 1988 మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది: బహిరంగ స్థలంలో పది గంటలు, అంతకు మించి ఎవరూ లేకుండా వదిలేసిన బండిని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తీయించవచ్చు, చక్రానికి తాళం వేయించవచ్చు, ఆ ఖర్చు బండి యజమానిదే. దుకాణం ముందు పదకొండు గంటలు నిలిపే బండి ఆ లెక్కలోకి వస్తుందని చాలామందికి తెలియదు.

పోలీసులు బండి ఎత్తుకుపోతే వాదనకు దిగకండి. ఏ స్టేషన్‌కు తీసుకుపోయారో కనుక్కుని, కాగితాలతో వెళ్లి, తీసుకునే ముందు గీతలు, సొట్టలు ఉన్నాయేమో ఫోటోలు తీసి, కట్టిన ప్రతి పైసాకూ రసీదు అడగండి. చలాన్లు వారానికోసారి చూసుకోండి. ఫోటోలో ఉన్న బండి మీది కాకపోతే, నంబరు తప్పు పడితే, వెంటనే ట్రాఫిక్ స్టేషన్‌లో చెబితే సరిచేయడం తేలిక. 2022లో ఒకసారి, 2023 డిసెంబరు చివర మొదలై మరోసారి పెండింగ్ చలాన్లకు రాష్ట్రంలో పెద్ద రాయితీ ఇచ్చారు. అలాంటిది మళ్లీ వస్తుందని కట్టకుండా కూర్చుంటే చిన్న మొత్తాలే పెరిగి ఒక నెల జీతానికి గండి కొడతాయి.

పెద్ద దుకాణాలకు, ఆసుపత్రులకు కట్టడానికి అనుమతి ఇచ్చేటప్పుడే పార్కింగ్ జాగ చూపించాలన్నది నియమం. 2012లో వచ్చిన జీవో 168లో ఆ నియమాలున్నాయి. పార్కింగ్‌కని చూపిన సెల్లార్‌లో ఇప్పుడు గోదామో, మందుల దుకాణమో నడుస్తుంటే రోడ్డు మీద బండ్లు అందుకే పేరుకుంటున్నాయి. అనుమతి పొందిన ప్లాన్‌లో సెల్లార్ దేనికి చూపారో సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. మాల్‌లో పనిచేసేవాళ్లు 2018 నాటి జీవో 63 కూడా తెలుసుకోవాలి. మొదటి అరగంటకు రుసుము తీసుకోకూడదు. అరగంట నుంచి గంట దాకా ఏదైనా బిల్లు చూపిస్తే చాలు. గంట దాటితే పార్కింగ్ రుసుముకు మించిన బిల్లు ఉంటే కట్టనక్కర లేదు. గేటు దగ్గర జనంతో గొడవపడేది మాల్ యజమాని కాదు, కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడు. అందుకే ఆ నిబంధన కాగితం అతని చేతిలో ఉండాలి.

వరుసలోని దుకాణాలు మాట్లాడుకున్నాక మిగిలింది అధికారుల పని. "పార్కింగ్ సమస్య తీర్చండి" అని అర్జీ రాస్తే అది కట్టలో కలిసిపోతుంది. చేయవలసిన పని పేరు పెట్టి రాయండి: "ఫలానా చౌరస్తా నుంచి ఫలానా గుడి దాకా ఎడమ వైపు బైకులకు మాత్రమే తెల్లగీతలు గీయాలి. కుడి వైపు బండ్లు ఆపనివ్వకూడదు. పొద్దున తొమ్మిది లోపు సరుకు దించుకోనివ్వాలి. పనివాళ్లం మా బండ్లు వెనక పెట్టుకుంటున్నాం." ఆ వారంలో వేర్వేరు వేళల్లో తీసిన ఫోటోలు జతచేయండి. బండ్లు ఎక్కడ ఆగవచ్చో స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించాలని మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి అర్జీ ఒక ప్రతి మున్సిపల్ కమిషనర్‌కు, ఇంకోటి ట్రాఫిక్ పోలీసులకు ఇవ్వండి. ఒకరికే ఇస్తే వాళ్లు రెండోవారి పేరు చెబుతారు. కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో ఇచ్చిన అర్జీకి రసీదు తీసుకోండి. రెండు వారాలు చూసి, ఆ నంబరు పట్టుకుని మళ్లీ వెళ్లండి. ఆ రోజు ఒక్కరే పోకుండా, వరుసలో ఇద్దరు సేట్లను, ఒక సేల్స్ గర్ల్‌ను, ఒక ట్రాలీ డ్రైవర్‌ను వెంటబెట్టుకుని వెళ్లండి.