తుపాకి మాటలు – వాటి అర్థాలు

మన తాటిపాక వంటి ఊళ్ళలో బ్యాంకు గుమ్మం దగ్గర రెండు గొట్టాల తుపాకితో కూర్చున్న కాపలాదారును చూడని విద్యార్థి ఉండడు. సైన్యంలో పనిచేసి వచ్చినవారు కొందరు లైసెన్సు పొంది, సొంతంగా తుపాకి కొనుక్కొని ఇటువంటి ఉద్యోగాలలో చేరుతూ ఉంటారు. అటువంటి ఇంటినుండి వచ్చిన ఒక విద్యార్థి ఒకనాడు తరగతిలో లేచి, "మాస్టారూ, మా బాబాయి లైసెన్సులో 12 బోరు అని ఉన్నదండి. ఆ పన్నెండు ఏమిటండీ?" అని అడిగాడు. మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. తెలుగు చెప్పేవారికి తుపాకితో పని లేదని తప్పించుకొనవచ్చును గాని, మాటకు అర్థం వెదకడమే మా వృత్తి కదా! ఆ వెదుకులాటలో తెలిసిన సంగతులనే ఇక్కడ విద్యార్థుల ముందుంచుతున్నాము.

ముందుగా ఈ మాటల పుట్టుకను చూద్దాము. తుపాకి అన్న మాట మనకు టర్కీ భాషలోని 'తుఫెక్' నుండి వచ్చినది. ఉర్దూలోని 'తుఫంగ్' దానికి చుట్టమే. ఉర్దూలో వాడుకలో ఉన్న 'బందూఖ్'కు మూలమైన అరబ్బీ మాటకు అడవి బాదం వంటి ఒక గింజ అని అర్థం. గింజ నుండి గుండుకు, గుండు నుండి దానిని పేల్చే ఆయుధానికి ఆ పేరు పాకినది. ఐరోపా వారిని 'ఫిరంగీలు' అనడం వల్ల వారి ఆయుధం మన భాషలో 'ఫిరంగి' అయినది. 1757 జనవరిలో బుస్సీ సేనలు బొబ్బిలి కోటపై ప్రయోగించినవి ఇవే. హైదరాబాదులో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండు ఫిరంగులు పోత పోయించిన చోటును నేటికీ 'తోప్ కా సాంచా' అంటారు. ఈ విధంగా తుపాకి మాటలలో అరబ్బీ, టర్కీ, తెలుగు, ఉర్దూ పక్కపక్కనే నిలిచి ఉన్నవి.

ఇక అర్థాలకు వద్దాము. కొత్తగా లైసెన్సు పొందినవారు తరచు పొరబడేది తూటా, గుండు అనే రెండు మాటల దగ్గర. గుండు అనగా గొట్టంలోనుండి వెలికి దూసుకొనిపోయే లోహపు ముక్క మాత్రమే. తూటాలో నాలుగు భాగాలు కలవు: తొడుగు, దాని అడుగున ఉండే నిప్పుబిళ్ళ, లోపలి మందు, కొనను గుండు. మీట నొక్కగానే ఒక సూది నిప్పుబిళ్ళను కొడుతుంది. మందు అంటుకొని వాయువుగా మారి గుండును ముందుకు నెడుతుంది. తొడుగు వెనుకనే మిగిలిపోతుంది. తూటాను ఉర్దూలో 'కార్తూస్' అంటారు.

పూర్వం ఈ తొడుగు కాగితంతో చేసేవారు. సిపాయి దానిని పంటితో కొరికి, మందును గొట్టంలో పోసి, గుండును దట్టించేవాడు. 1857లో ఎన్‌ఫీల్డు తుపాకుల తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న వార్త హిందూ ముస్లిం సిపాయిలను సమానంగా కలవరపెట్టినది. ఆ ఏడు మే 10న మీరట్‌లో రాజుకొన్న తిరుగుబాటుకు ఈ చిన్న వస్తువు తక్షణ కారణమైనది.

తుపాకి వేరు, మందుగుండు వేరు అన్న భేదమును మన గోదావరి సీమ చరిత్రయే చెబుతుంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడి చేసి తుపాకులతోపాటు తూటాలను కూడ పట్టుకొనిపోయాడు. తూటా లేని తుపాకి చేతికర్రతో సమానమని ఆయనకు తెలియును. 1959 నాటి ఆయుధాల చట్టం కూడ ఆయుధమును, మందుగుండును విడివిడిగా నిర్వచించినది. ఎన్ని తూటాలు కొనవచ్చునో లైసెన్సులోనే రాసి ఉంటుంది.

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్న. బోరు అనగా గొట్టం లోపలి వెడల్పు. ఒక పౌను, అనగా సుమారు 454 గ్రాముల సీసమును 12 సమానమైన గుండ్లుగా చేస్తే, అందులో ఒక గుండు ఎంత గొట్టంలో సరిగా పడుతుందో అది 12 బోరు. అది సుమారు 18.5 మిల్లీమీటర్లు. 20 గుండ్లుగా చేస్తే ఒక్కొక్కటి చిన్నదవుతుంది. కనుక అంకె పెరిగిన కొలది గొట్టం సన్నబడుతుంది! రైఫిలుకు, రివాల్వరుకు ఈ లెక్క వర్తించదు. అక్కడ అంకె అంగుళంలో భాగము. .303 అనగా సుమారు 7.7 మిల్లీమీటర్లు. కేవలం అంకె కలిసినదని ఒక తుపాకి తూటాను మరొకదానిలో పెట్టరాదు. గొట్టమే పగిలిపోవచ్చును.

12 బోరు తుపాకి గొట్టం లోపల నున్నగా ఉంటుంది. ఒక తూటాలోనుండి సాధారణంగా అనేకమైన సన్నని గుండ్లు వెదజల్లబడతాయి. రైఫిలు గొట్టంలో మరమేకుకు ఉన్నట్లు మెలిక గాళ్ళు ఉంటాయి. వాటి వల్ల గుండు బొంగరం వలె తిరుగుతూ గురి తప్పక పోతుంది. రివాల్వరులో తూటాలు తిరిగే చక్రంలో ఉంటాయి. పిస్తోలులో అవి సాధారణంగా పిడిలోని 'మ్యాగజైను'లో ఉంటాయి.

ఈ మ్యాగజైను అన్నది కూడ అరబ్బీ మాటయే. 'మఖ్‌జన్' అనగా గిడ్డంగి, 'మఖాజిన్' దాని బహువచనం. తూటాల గిడ్డంగి తుపాకిలో, మాటల గిడ్డంగి మన చేతులలో! 1731లో లండనులో ఒక పత్రిక ఆ పేరు పెట్టుకొన్నప్పటి నుండి పత్రికలకు కూడ ఆ పేరు వ్యాపించినది. మీరు ఇప్పుడు చదువుతున్న కళాశాల మ్యాగజైను ఆ కోవలోనిదే.

అన్నిటికన్న ప్రమాదకరమైన మాట ఒకటి మిగిలినది. అది 'ఖాళీ'. ఇదీ అరబ్బీ నుండి వచ్చినదే. మ్యాగజైనును తీసివేసినంత మాత్రాన పిస్తోలు ఖాళీ కాదు. గొట్టం వెనుక 'ఛాంబరు' అనే గది ఉన్నది. అంతకుముందే ఒక తూటా ఆ గదిలోకి చేరి ఉండవచ్చును. 'సేఫ్టీ' వేసినా అది ఖాళీ కాదు. అది తలుపు గడియ వంటిది మాత్రమే, లోపలి వస్తువు లోపలనే ఉంటుంది. "శుభ్రం చేస్తుండగా పేలినది" అని పత్రికలలో చదివే వార్తల వెనుక తరచు ఈ ఒక్క మాటను తప్పుగా నమ్మడమే ఉంటుంది.

ఈ అర్థమును మాకు నేర్పినది పుస్తకం కాదు. ఆ విద్యార్థి బాబాయిగారి ఇంటికి వెళ్ళినప్పుడు తుపాకిని చూపమని కోరాము. ఆయన పిల్లలను లోపలికి పంపి, గొట్టాలను నేలవైపు వంచి, తుపాకిని మడత విప్పి, రెండు గదులలోను వేలు పెట్టి చూసుకొని, అప్పుడు మా కంటికి ఎదురుగా పెట్టారు. "ఖాళీయేనా అండీ?" అన్నాము. "ఆ మాట చెప్పకూడదు మాస్టారూ, చూపించాలి" అన్నారు.

నేటి చట్టం కూడ ఇంతటి జాగ్రత్తనే కోరుతున్నది. 21 ఏండ్లు నిండనివారికి లైసెన్సు ఇవ్వరు. 2016 నాటి నియమాలు లైసెన్సు కోరేవారికి భద్రతా శిక్షణను విధించినవి. 2019 సవరణ ప్రకారం ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండరాదు. పెళ్ళి ఊరేగింపులలో వేడుకకు కాల్పులు జరిపి ఇతరులకు ప్రమాదం కలిగించేవారికి రెండేండ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. పైకి పేల్చిన గుండు ఆకాశంలో ఆగిపోదు. ఎక్కడో ఒక ఇంటి కప్పుపై, ఒక తలపై దిగుతుంది.

విద్యార్థులారా! మీలో చాలామందికి తుపాకి పట్టే అవసరం రాకూడదనే మా కోరిక. కాని సైన్యంలోనో, పోలీసులోనో, కాపలా ఉద్యోగంలోనో చేరేవారు తప్పక ఉంటారు. వారు తుపాకికన్న ముందు దాని మాటలను చేత పట్టవలెను. పద్యంలో అర్థం తప్పితే మార్కులు పోతాయి. ఇక్కడ అర్థం తప్పితే పోయేది ప్రాణం.