యంత్రము మాఱినను అక్షరము మాఱరాదు

విద్యార్థులారా! మేము ఈ సంచిక ముఖపత్రమును మాకింతోషు కంప్యూటరుపైఁ గూర్చి, విండోసు యంత్రమునకు మార్చితిమి. అచ్చునకు ముందునాఁడు తెఱచి చూడఁగా, మీ పేరులకు మాఱుగా అర్థములేని గుర్తులు కానవచ్చెను. దోషము యంత్రములది గాదు. ఫాంటును వెంటఁ గొనిపోని మాదే.

పాత ఫాంటులు ఆంగ్లాక్షరముల సంఖ్యలకే తెలుఁగు రూపములను తొడిగినవి. ఫాంటు లేనిచో ఆ రూపములు తొలఁగును. 1991లో వెలువడిన యూనికోడు తెలుఁగునకు స్వంత సంఖ్యల నొసఁగెను. కనుక దానితో వ్రాసినది, యంత్రమునందు తగిన తెలుఁగు ఫాంటు ఏది యున్నను, చదువ వీలగును.

యంత్రము మార్చుటకు ముందు రెండు ప్రతులు చేయుఁడు: దిద్దుటకు మూలప్రతి యొకటి, అక్షరములను రేఖలుగా మార్చిన ప్రతి వేఱొకటి. రెండవదానికి ఫాంటు అక్కఱలేదు గాని, అందలి తప్పును మరల టైపుచేసి దిద్దరాదు. ఆ రాత్రి మేము మొదటి యంత్రమునకు మరలి అట్లే చేసితిమి.