పసిపిల్లల లాలాజలము - దంతక్షయము

ఖరగ్‌పూరు రైల్వే కాలనీలలో, బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి తెలుగు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. రాత్రి డ్యూటీలు గల ఇండ్లలో ఏడ్చు బిడ్డను ఊరడించుటకు పంచదార పాలసీసాను నోటికందించి పండుకొనబెట్టుట సులభముగా తోచును. “పాలపండ్లే కదా, ఊడిపోవును” అని పెద్దలనుట కూడ కద్దు. ఇది సరికాదు. పుచ్చిన పాలపన్ను బిడ్డను తిననీయదు, నిద్రపోనీయదు. చీము పట్టినచో లోపల పెరుగుచున్న శాశ్వతదంతమునకును హాని కలుగవచ్చును.

తీపి తగిలిన కొన్ని నిమిషములకే నోటిలోని సూక్ష్మజీవులు దానిని ఆమ్లముగ మార్చును. పి.హెచ్. సుమారు 5.5 కన్న తగ్గినపుడు పంటిపై గల పింగాణిపొర కరుగసాగును. లాలాజలము ఆ ఆమ్లమును కడిగి, విరిచి, తనయందలి కాల్షియము, ఫాస్ఫేటులతో పంటిని మరల గట్టిపరచును. నిద్రలో లాలాజలపు ఊట మిక్కిలి తగ్గును. సీసాతో నిద్రించు బిడ్డకు పై ముందుపండ్లు మొదట చెడుటకు కారణమిదియే. క్రింది పండ్లను నాలుకయు, దాని క్రింద ఊరు లాలాజలమును కాపాడును.

దంతక్షయమునకు ముఖ్యకారకమగు స్ట్రెప్టొకాకస్ మ్యూటన్స్ అను సూక్ష్మజీవిని 1924లో క్లార్కు అను శాస్త్రజ్ఞుడు వర్ణించెను. ఇది తరచుగ తల్లి లాలాజలము ద్వారా, ఆమె రుచిచూచిన చెంచాతోనే, బిడ్డకు సంక్రమించును. 1940లో వెలువడిన స్నైడరు పరీక్షలో లాలాజలమును ఆకుపచ్చని పోషకద్రవ్యమున కలిపి వెచ్చగ నుంతురు. 24 గంటలలో అది పసుపుపచ్చగ మారినచో ఆమ్లజనకములగు క్రిములు అధికముగ నున్నవని అర్థము. ఉమ్మి వేయనేరని పసివారికి చెక్కపుల్లను నాలుకకద్ది, దానిని పోషకఫలకముపై నొత్తు పద్ధతి గలదు. అయినను ఇవి రాబోవు అపాయమును సూచించునే గాని, ఏ పన్ను పుచ్చినదో చెప్పజాలవు. అందుకు కన్నే సాధనము.

పై పెదవినెత్తి చిగురు అంచున చూడుడు. సుద్దవంటి తెల్లని గీత కనిపించినచో అది ఆరంభదశ. అప్పటికింకను పన్ను కోలుకొనగలదు. గోధుమరంగు గుంట పడిన పిమ్మట వైద్యుడే దిక్కు. రైల్వే ఆసుపత్రిలో చూపింపవచ్చును. పెద్ద చికిత్స కావలసినచో కలకత్తాలో డాక్టరు ఆర్. అహ్మదు 1920లో స్థాపించిన దంతవైద్య కళాశాల నేటికిని గలదు. దానికి ధనము సమకూర్చుటకు ఆయన శీతలపానీయముల దుకాణము నడపెనట!

మొదటి పన్ను వచ్చినది మొదలు బియ్యపుగింజంత ఫ్లోరైడు పేస్టుతో దినమునకు రెండుమార్లు తోమవలెను. రాత్రి తోమిన పిదప సీసాలో మంచినీరు తప్ప మరేమియు నుండరాదు.