డీన్ పదవి చేపడుతున్న అమ్మాయికి

చిరంజీవి బుజ్జికి,

నిన్ను ఆర్ట్స్ డీన్‌గా వేశారని మీ నాన్న చెప్పాడు. ఇక పాఠాలు పోయి ఫైళ్లే మిగులుతాయని దిగులుపడుతున్నావట. ఆ దిగులు ఉండాల్సిందే. అది లేనివాళ్లే పదవిలోకి వెళ్లి మళ్లీ క్లాసు మొహం చూడరు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి వాల్తేరు రోజులు తెలుసుకో. ‘ఇండియన్ ఫిలాసఫీ’ రెండు సంపుటాలు రాసి పేరుపొందిన ఆచార్యుడు 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా వచ్చారు. కట్టమంచి రామలింగారెడ్డి గారు నిలబెట్టిన ఆ సంస్థకి అప్పటికి అయిదేళ్లే. రాధాకృష్ణన్ గారు ముందు వెతికింది మనుషుల కోసం. రసాయన శాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి వచ్చారు. బెంగాల్ నుంచి హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ వచ్చారు. ముఖర్జీ తర్వాత కమ్యూనిస్టు ఎంపీగా పేరు తెచ్చుకున్నారు. రాధాకృష్ణన్ గారి ఆలోచనకీ ఆయన ఆలోచనకీ పొంతనే లేదు. అయినా చోటిచ్చారు.

మన శాస్త్రాల పద్ధతే అది కదా! పూర్వపక్షాన్ని అవతలివాడు కూడా ఒప్పుకునేంత బలంగా చెప్పాకే సిద్ధాంతం. ఇన్నేళ్లు క్లాసులో నేర్పిన ఆ పద్ధతి ఇక అకడమిక్ కౌన్సిల్‌లో నీకు పనికొస్తుంది. ఒక ప్రతిపాదన కాదనే ముందు, తెచ్చినవాళ్ల వాదాన్ని నీ నోటితో వాళ్లకే వినిపించు. కాదన్నా నీమీద గౌరవం తగ్గదు.

ఖాళీల భర్తీలో మన ఫిలాసఫీకి ముందు పీట వెయ్యకు. పిల్లలు ఎక్కువై, చెప్పేవాళ్లు తక్కువైన శాఖ ఏదో చూడు. గెస్ట్ లెక్చరర్ల బిల్లులు నీ బల్లమీద నిలవుండనివ్వకు. వాళ్లకి ఆ డబ్బే ఇంటి ఖర్చు. సెలెక్షన్ కమిటీకి సిఫారసు ఫోన్లు వస్తాయి. అందరికీ ఒకటే జవాబు చెప్పు.

వారానికి ఒక్క క్లాసైనా చెప్పడం మానకు. వైస్ ఛాన్సలర్‌గా ఉండగానే, 1932లో, రాధాకృష్ణన్ గారి ‘యాన్ ఐడియలిస్ట్ వ్యూ ఆఫ్ లైఫ్’ అచ్చయింది. 1936లో ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో స్పాల్డింగ్ ఆచార్య పీఠానికి వెళ్లారు. చదువూ రాతా ఆపలేదు కాబట్టే పదవి దిగాక వెళ్లడానికి ఆయనకొక చోటు దొరికింది. నీకూ అలాంటి చోటు ఉండాలంటే ఈ సెమిస్టర్ టైంటేబుల్‌లో ముందు నీ క్లాసు వేయించుకుని, ఆ తర్వాతే చార్జి తీసుకో.

నీ
పెదనాన్న