బిందె అడుగున ఎర్రమడ్డి

బోరింగు కొట్టినప్పుడు నీళ్ళు తేటగానే వస్తాయి. రాత్రంతా బిందెలో నిలవ ఉంటే తెల్లవారేసరికి అడుగున ఎర్రని మడ్డి, పైన పలుచని తెట్టు. బైలడిల్లా ఇనుప గనులకు పేరుపడ్డ బస్తర్‌లో చాలామంది ఎరిగిన సంగతే ఇది. బీజాపూర్ నుంచి భోపాలపట్నం వెళ్ళే దారిలోని మద్దేడ్‌లో గానీ, గోదావరి ఇవతల మన ఊళ్ళలో గానీ, భూగర్భ జలంలో ఇనుము ఎక్కువైతే జరిగేది ఒకటే.

ఆ మడ్డి మట్టి కాదు. మట్టయితే నీళ్ళు మొదటే బురదగా కనబడేవి. నేల లోపల ఆక్సిజన్ దాదాపు ఉండదు. అక్కడ ఇనుము ఫెర్రస్ అయాన్లుగా, ఉప్పు కరిగినట్టే కరిగి ఉంటుంది. గాలి తగలగానే అది ఫెర్రిక్ రూపంలోకి మారి, నీటితో కలిసి ఫెర్రిక్ హైడ్రాక్సైడ్ అవుతుంది. ఇది నీటిలో కరగదు. కంటికి కనబడని రేణువులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి కిందికి దిగుతాయి. ఇలా ద్రావణంలోంచి విడివడే ఘనపదార్థమే అవక్షేపం. జామాకు నలిపి అలాంటి నీళ్ళలో వేస్తే నల్లబడతాయి. ఆకులోని టానిన్లు ఇనుముతో కలవడమే కారణం.

ఇనుము తన జాడ తానే చూపిస్తుంది. ఫ్లోరైడ్ అలా కాదు. రంగు లేదు, వాసన లేదు, నిలవ ఉంచినా అడుగుకు దిగదు. మరగబెడితే నీరు ఆవిరై దాని గాఢత ఇంకా పెరుగుతుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ముందు పళ్ళు గారపడతాయి; ఏళ్ళ తరబడి ఎక్కువ మోతాదులో తాగితే ఎముకలు వంకరపోతాయి. నల్లగొండ జిల్లా దీన్ని తరాలుగా అనుభవించింది. భోపాలపట్నం ప్రాంతంలోనూ ఫ్లోరోసిస్ బారిన పడ్డ పల్లెలున్నాయి.

తనంతట దిగని దాన్ని దింపడానికి నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అందులో వాడేవి సున్నం, పటిక, క్రిములకోసం బ్లీచింగ్ పౌడర్. పటికలోని అల్యూమినియం దూదిపింజల్లాంటి హైడ్రాక్సైడ్ అవక్షేపంగా మారుతూ ఫ్లోరైడ్‌ను తనకు పట్టించుకుంటుంది. నెమ్మదిగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచి, పైతేట తీసుకోవాలి. గబగబా తిప్పితే పింజలు చెదిరిపోతాయి. పటిక మోతాదు మాత్రం నీటి పరీక్ష చూసి నిర్ణయించాల్సిందే. తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది, లెక్క తప్పితే అల్యూమినియం మిగులుతుంది.

అడుగున మిగిలిన మడ్డిలో ఫ్లోరైడ్ అంతా అలాగే ఉంటుంది. దాన్ని బోరింగు గట్టు పక్కన పారబోయకూడదు.