జాబ్ కార్డు చదవనిదే సంతకం పెట్టకండి

బలెనో, ఐ20, ఆల్ట్రోజ్, గ్లాంజా వరుసలోని బండ్లను షోరూముల్లో ప్రీమియం హ్యాచ్‌బ్యాక్ అంటారు. ఇంటిల్లిపాదీ పడతారు, ఇరుకు గల్లీలో తిప్పుకోవచ్చు, సెడాన్ అంత ధర ఉండదు. అందుకే లాభాల వాటా చేతికందిన సింగరేణి కార్మికుడు, సెలవు మీద ఊరికొచ్చిన గల్ఫ్ పనివాడు, నిర్మల్ టీచరు, జగిత్యాల వ్యాపారి అందరూ వీటి వైపే చూస్తున్నారు.

వాళ్లలో కొందరు ఈ మధ్య ఫైళ్లు పట్టుకొని మా వకీలు ఆఫీసు మెట్లెక్కుతున్నారు. కంపెనీల పేర్లు రాయను, ఎందుకంటే ఈ చిక్కు ఏ ఒక్క కంపెనీదీ కాదు. ఫైలులో ఆర్‌సీ ఉంటుంది, ఇన్సూరెన్స్ ఉంటుంది, బ్యాంకు లోను కాగితాలు ఉంటాయి. కేసును నిలబెట్టే జాబ్ కార్డు, అంటే సర్వీసు సెంటరువాళ్లు మన ఫిర్యాదు, చేసిన పని రాసిచ్చే కాగితం మాత్రం ఉండదు. ఉన్నా, దాని మీద పెట్టిన సంతకమే మనోళ్లకు అడ్డం తిరుగుతుంది.

మొన్న వచ్చిన కేసు చూడండి. కోరుట్ల వైపు కుటుంబం. అన్న మస్కట్‌లో పని చేస్తాడు. సెలవుకొచ్చినప్పుడు ఆటోమేటిక్ గేరు బండి కొని, నాన్న కోసం ఇంటి దగ్గర పెట్టి పోయాడు. రెండో నెల నుంచే కరీంనగర్ టవర్ సర్కిల్ ట్రాఫిక్‌లో మెల్లగా పోతుంటే గేరు మారినప్పుడల్లా జెర్కు కొడుతోంది. ఆదిలాబాద్ పెళ్లికి పోతూ నిర్మల్ దగ్గర ఘాట్ ఎక్కుతుంటే బండి పట్టేసినట్టయి, వెనక లారీవాడు బ్రేకు తొక్కబట్టి ప్రాణాలు దక్కాయి. తమ్ముడు అయిదుసార్లు సర్వీసుకు తీసుకుపోయాడు.

అయిదు సార్లకు నాలుగు జాబ్ కార్డులే ఉన్నాయి. బల్ల మీద పరిచి చూశాను. మొదటిదాని మీద ‘ఫస్ట్ ఫ్రీ సర్వీస్’. రెండోదాని మీద ‘జనరల్ చెకప్’. మూడోది వాటర్ వాష్, వీల్ అలైన్‌మెంట్. నాలుగోది ‘నాయిస్ చెక్, ఓకే’. గేరు అన్న మాట ఎక్కడా లేదు. ప్రతి కార్డు అడుగున, పని తృప్తిగా జరిగిందని సన్నటి అక్షరాల్లో అచ్చేసిన వాక్యం కింద తమ్ముడి సంతకం ఉంది.

“నేను ప్రతిసారి చెప్పిన సార్. ‘కొత్త బండి కద అన్నా, రెండు మూడు వేలు తిరిగితే సెట్ అయితది’ అన్నడు అడ్వయిజర్,” అన్నాడతను. చెప్పి ఉంటాడు, నేను నమ్ముతాను. కానీ కంపెనీ వకీలు వేసే కౌంటరులో ఏముంటుందో నాకు ముందే తెలుసు: బండి అన్నిసార్లు వచ్చింది, గేరు గురించి ఒక్క ఫిర్యాదు లేదు, ప్రతిసారీ తృప్తిగా తీసుకుపోయారు. దానికి నోటిమాటతో ఏం జవాబు చెప్పను?

సర్వీస్ అడ్వయిజర్ల తీరు మీద నాకు కోపమే ఉంది. “గేరు జెర్కు” అని కస్టమర్ చెబితే “జనరల్ చెకప్” అని రాసుకోవడం అలవాటులో జరిగే పని కాదు. వారంటీ గడువు దాటేదాకా లోపం రికార్డులోకి ఎక్కకుండా చూడటమే అది. మన నిర్లక్ష్యం మీదా అంతే కోపం వస్తుంది. లక్షలు పోసి బండి కొంటాం, ఒక్క నిమిషం ఆగి కాగితం చదవం. చేతికిచ్చిన కాపీని డ్యాష్‌బోర్డులో పడేస్తే ఎండకు అక్షరాలు మాసిపోతాయి.

కాబట్టి బండి సర్వీసుకు ఇచ్చేటప్పుడు మీ ఫిర్యాదు మీ మాటల్లోనే జాబ్ కార్డులో రాయించండి. ఎప్పుడు, ఏ వేగంలో, ఏసీ వేసినప్పుడా, ఘాట్ ఎక్కేటప్పుడా, అన్నీ ఉండాలి. తేదీ, కిలోమీటర్ల రీడింగు సరిచూసుకోండి. సిస్టమ్ తీసుకోదంటే ప్రింటు మీద పెన్నుతో రాసి సంతకం చేసి ఫొటో తీసుకోండి. అదీ వద్దంటే అక్కడే నిలబడి డీలర్‌కు, కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిలు పంపండి. బండి తిరిగి తీసుకునేటప్పుడు లోపం పోకపోతే “లోపం అలాగే ఉంది, అభ్యంతరంతో తీసుకుంటున్నాను” అని రాయనిదే తృప్తి గడిలో సంతకం పెట్టకండి. బండి ఇచ్చేది లేదని బెదిరిస్తే ఆ సంగతీ మెయిలులో పెట్టండి. చప్పుడు వీడియో తీసిన ఫోన్ అమ్మేయకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఆ వీడియోకు సర్టిఫికెట్ జత చేయాల్సి వస్తుంది.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. అందరూ రాగానే “కొత్త బండి ఇప్పించండి సార్” అంటారు. కానీ 2006లో మారుతి ఉద్యోగ్ కేసులో సుప్రీంకోర్టు, వారంటీలో ఉన్నది లోపమున్న భాగం మార్చడమే కనుక కారునే మార్చమనడం కుదరదని తేల్చింది. 2010లో ఫియట్ కారు ఇంజిన్ చప్పుడు కేసులో స్వతంత్ర నిపుణుడి పరీక్ష మీదే ఫలితాన్ని నిలిపింది. 2022లో హ్యుండయ్ క్రెటా ఎయిర్‌బ్యాగులు ప్రమాదంలో తెరుచుకోని కేసులో మాత్రం నిపుణుడి నివేదిక అక్కర్లేదంది, ఎందుకంటే జరిగిందే సాక్ష్యం. గేరు జెర్కుకు ఆ సౌకర్యం లేదు. వినియోగదారుల కమిషన్ ముందుకు బండి వచ్చిన రోజు అది సాఫీగా నడిచిందనుకోండి, మీకు దిక్కు పాత జాబ్ కార్డులే.

అందుకే నేను రాసే ఫిర్యాదులో మొదట బండి మార్పిడి లేదా డబ్బు వాపసు అడుగుతాను. అది కుదరకపోతే గేర్‌బాక్సు కొత్తది వేసి, దానికి మళ్లీ వారంటీ ఇచ్చి, పరిహారం ఇవ్వాలంటాను. ఒక్క కోరికే పెట్టి మొండికేసినవాళ్లు ఖాళీ చేతులతో పోవడం చూస్తున్నాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ కింద బండిని పరీక్షకు పంపమని పిటిషన్ కూడా మొదట్లోనే వేయాలి. పరీక్ష ఫీజు ముందుగా మనమే కట్టాలి. మన దగ్గర నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీలో మెకానికల్ విభాగం ఉంది, అలాంటి చోటి నిపుణుణ్ని నియమించమని కోరవచ్చు. పరీక్ష అవసరమైన కేసు అయిదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆ గడువును పట్టించుకునే నాథుడు కనిపించడు, అది వేరే బాధ.

ఊరట ఒకటుంది. 2020 జులై నుంచి మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఆదిలాబాద్ మనిషి హైదరాబాద్‌లో కొన్నా, ఆదిలాబాద్ జిల్లా కమిషన్ చాలు. చెల్లించిన ధర 50 లక్షల దాకా జిల్లా కమిషన్ పరిధే. అయిదు నుంచి పది లక్షల మధ్య ధర అయితే ఫీజు 200 రూపాయలే.

కొనేటప్పుడు చూడాల్సింది కూడా కాగితమే. రిజిస్ట్రేషన్‌కు ముందే ఫారం 21 అడగండి, దాని మీద తయారైన నెల, సంవత్సరం, ఛాసిస్ నంబరు ఉంటాయి. బండి దగ్గర నిలబడి సరిపోల్చండి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చిన టాటా మోటార్స్ కేసులో 2011 మోడల్‌కు డబ్బు కట్టిన మనిషికి 2009 నాటి, అప్పటికే 622 కిలోమీటర్లు తిరిగిన బండి అంటగట్టారు. తప్పు డీలర్‌దేనని, కంపెనీకి సంబంధమున్నట్టు రుజువు లేదని కోర్టు కంపెనీని వదిలేసింది. అందువల్ల ఇద్దరినీ పార్టీలుగా చేర్చి, ఎవరి తప్పు ఏదో విడివిడిగా రాయాలి. ఇన్సూరెన్స్ షోరూములోనే తీసుకోవాలన్న నిబంధన లేదు. హ్యాండ్లింగ్ ఛార్జీ అన్న పద్దు రవాణా శాఖ పన్నులో, ఫీజులో ఎక్కడా లేదు. అడిగితే రసీదు ఇమ్మనండి. బయట షాపులో వైరు కోసి లైట్లు, మ్యూజిక్ సిస్టమ్ పెట్టించకండి, వారంటీ ఎగ్గొట్టడానికి వాళ్లకు అదే సాకు.

సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు ఛాసిస్ నంబరుతో రీకాల్ ఉందో లేదో కంపెనీ వెబ్‌సైటులో చూసుకోవాలి. 2019 జనవరి 8 నుంచి నవంబర్ 4 మధ్య తయారైన 78,222 పెట్రోల్ బలెనోలను ఫ్యూయల్ పంపు లోపం అనుమానంతో మారుతి 2020 జులైలో వెనక్కి పిలిచింది. 2024 మార్చిలో మరికొన్నింటిని పిలిచింది. పంపు మార్చామని అమ్మేవాడు నోటితో చెబితే సరిపోదు, మార్చిన జాబ్ కార్డు చూపించమనండి.

ఇక మస్కట్ అన్న కేసులో రెండేళ్ల గడువు దగ్గరపడుతోంది. వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం కేసుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు లెక్క. కంపెనీతో ఉత్తరాలు నడుస్తున్నాయి కదా అని ఆ గడువు ఆగదు. అన్న సెలవు దొరికేదాకా ఆగుదామన్నారు ఇంట్లోవాళ్లు. అక్కర్లేదు. కొన్నవాడి అనుమతితో బండి వాడుతున్న నాన్న కూడా చట్టం దృష్టిలో వినియోగదారుడే, ఆయన పేరు మీదే ఫిర్యాదు తయారవుతోంది. ఈలోగా తమ్ముణ్ని మళ్లీ సర్వీసు సెంటరుకు పంపాను. గేరు జెర్కు అని స్పష్టంగా రాసి, కిలోమీటర్లు వేసిన కార్డు తెచ్చాడు. తృప్తి గడిలో ఈసారి “లోపం పోలేదు” అని తన చేత్తో రాశాడు. గడువు ఇప్పటికే దాటినవాళ్లు ఆలస్యం మాఫీ పిటిషన్ వేయాలి. అందులో గల్ఫ్‌లో ఉన్నానని రాస్తే చాలదు, పాస్‌పోర్టులో రాకపోకల ముద్రలున్న పేజీలు, వీసా కాపీ, అక్కడి నుంచి కంపెనీకి పంపిన మెయిళ్లు జత చేసి తీసుకురండి.